పద్దుల సాక్ష్యము

1875 మే 12వ తేదీన పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు వడ్డీవ్యాపారుల యిండ్లపై బడి, లెక్కపుస్తకములను దగ్ధము చేసిరి. అలజడి ప్రాకిన తక్కిన గ్రామములలోను వారు ముఖ్యముగా గోరినవి ఋణపత్రములే. రైతుల వ్యయమును ఋణమును తెలుపు సాక్ష్యమంతయు ఋణదాత చేతివ్రాతలోనే యుండెను. చదువురాని రైతునకు దానిని సరిచూచుకొను వెరవు లేకపోయెను.

1879లో వచ్చిన దక్కను రైతుల చట్టము ఈ మర్మమును గ్రహించెను. పత్రములోని మొత్తమునే ప్రమాణముగా గొనక, న్యాయస్థానము వ్యవహారమును మొదటినుండి విచారింపవలెననియు, ఋణదాత రసీదులను, లెక్కలను రైతున కీయవలెననియు విధించెను.

తరువాత 1951-52లో రిజర్వుబ్యాంకు జరిపించిన గ్రామీణ ఋణ పరిశీలనమున, రైతుల యప్పులో నూటికి సుమారు 70 పాళ్లు వడ్డీవ్యాపారులదనియు, సహకారసంఘములది 3 పాళ్లేయనియు దేలెను.

2016లో యూపీఐ వచ్చినది మొదలు కూరగాయల బేరము సైతము పద్దున కెక్కుచున్నది. జీతమెన్నడు వచ్చెనో, ఏ వారమున దఱిగెనో, అప్పెప్పుడు మొదలయ్యెనో ఆ పద్దులు చెప్పును. కాని ఆ యప్పు జబ్బునకో, ఆడంబరపు పెండ్లికో యవి చెప్పజాలవు. అది యింటివారికే తెలియును. అప్పిచ్చువాడు మన పద్దులను శ్రద్ధతో జదువుచున్నాడు. గృహస్థులును గృహిణులును నెలకొకసారి కూర్చుండి, కారణములతోగూడ వానిని దామును జదువవలెనని మా మనవి.