విరమించేది పదవినా, ఉద్యోగమునా?

"ఉద్యోగ విరమణ చేసి ఎన్నేళ్ళయింది మాస్టారూ?" అని మొన్న కాట్రేనికోనలో ఒక పూర్వ విద్యార్థి అడిగాడు. బదులు చెప్పానే గాని, తెలుగు పండితుణ్ణి కదా, నా మనస్సు ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, పూనిక. భారతంలోని ఉద్యోగపర్వంలో ఉన్నవి రాయబారాలు, యుద్ధ సన్నాహాలే గాని జీతపు కొలువులు కావు. కొలువనే అర్థం మనకు తరువాత స్థిరపడింది. మూలార్థాన్ని పట్టి చూస్తే ఉద్యోగ విరమణ అంటే ప్రయత్నమే మానుకోవడం అవుతుంది! పదవీ విరమణ అన్నదే నాకు సమంజసంగా తోస్తుంది. పదవికి గడువుంటుంది, పూనికకు ఉండదు.

ఆ గడువైనా మన చేతిలో లేదు. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. ఆ నెలాఖరుకు 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు ఇంటిదారి పట్టవలసి వచ్చింది. అప్పటికి నేను కుర్రవాణ్ణి. మరో మూడేళ్ళ జీతం వస్తుందని పిల్లల చదువులకు, పెళ్ళిళ్ళకు లెక్కలు వేసుకున్న ఇళ్ళలో ఆ రోజుల్లో కమ్మిన దిగులు ఇంకా గుర్తుంది. 1984లో వయస్సు తిరిగి 58 అయింది. ఆ తగ్గింపు చెల్లుతుందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. విరమించడమంటే తనంత తాను ఆగడం. 1983లో ఆ పెద్దలు విరమించలేదు, వారిని విరమింపజేశారు.

కొలువే లేని రైతు మాటేమిటి? 2011లో మా కోనసీమ రైతులు సార్వాకు "పంట విరామం" ప్రకటించారు. గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చులు భరించలేక, చేలలో ముంపునీరు దిగక, వేలాది ఎకరాలను బీడు పెట్టారు. విరామం, విరమణ రెండూ "రమ్" ధాతువు నుండి పుట్టినవే. అయినా వాడుకలో ఎంత భేదం! విరామం తరువాత మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రైతులు ఎన్నుకున్న మాట అదే. వారు కాడి దించారే గాని వ్యవసాయం వదులుకోలేదు.

కాబట్టి నా మట్టుకు నేను పదవీ విరమణ అనే వాడదలచాను. ఇప్పటికీ సాయంత్రాలు అరుగుమీద నలుగురు పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను, అది ఉద్యోగమే కదా. ఈ సందర్భానికి మీ ప్రాంతంలో అచ్చతెలుగు మాట ఏదైనా వాడుకలో ఉంటే తెలుపగోరుతాను.