ఒక రైలు పట్టా బరువున్న కారు

మీటరుకు 52 కిలోల చొప్పున 13 మీటర్ల రైలు పట్టా బరువు కట్టి చూడండి. సుమారు 675 కిలోలు వస్తుంది. దశాబ్దాలుగా మన రైళ్లు పరుగెత్తింది ఎక్కువగా భిలాయి ఉక్కు కర్మాగారంలో సాగదీసిన ఇలాంటి పట్టాల మీదే. 1986లో వచ్చిన, జపాన్ సంస్థ సుజుకి రూపొందించిన రెండో తరం మారుతి 800 ఖాళీ బరువు సుమారు 650 కిలోలు. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు, సీట్లు, అద్దాలు, ఇంటిల్లిపాదీ కూర్చునే చోటు అన్నీ కలిపినా కారు ఒక్క పట్టా కంటే కాస్త తేలికే. పాత జపాన్ కార్ల మీద మోజున్నవాళ్లు మామూలుగా వేగం గురించో, బానెట్ వంపు గురించో, ఇంజను మోత గురించో మాట్లాడతారు. అవన్నీ బాగానే ఉంటాయి. అయితే ఆ కార్ల అసలు గొప్పతనం ఉక్కును పొదుపుగా వాడటంలో ఉందని నా వాదన. దాన్ని తూచి చూడటానికి ఉక్కు పుట్టే ఊరికి మించిన త్రాసు లేదు.

భిలాయి లెక్క మొదటినుంచీ టన్నుల్లోనే సాగింది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి పది లక్షల టన్నులు. తర్వాత అది 25 లక్షలకు, 1980లు ముగిసేలోగా 40 లక్షలకు పెరిగింది. ఎన్ని టన్నులు కరిగించామన్నదే ఆ ఊరికి గౌరవం. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి అది న్యాయమైన లెక్కే. వంతెనలు, పట్టాలు, ఓడల పలకలు పలుచగా ఉంటే పని జరగదు. అప్పటి మన కారు కూడా ఆ లెక్కకు తగ్గట్టే ఉండేది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టిన అంబాసిడర్ టన్నుకు పైగా తూగేది. దాని బలాన్ని బరువుతోనే కొలిచేవాళ్లం.

భిలాయి ఒప్పందం కుదిరిన 1955లోనే, అక్టోబరులో, జపాన్‌లోని హమమత్సులో సుజుకి సంస్థ సుజులైట్ అనే బుల్లి కారును విడుదల చేసింది. ఆ సంస్థ 1909లో మగ్గాల తయారీతో మొదలైంది. సన్నని పోగులతో గట్టి గుడ్డ నేసే యంత్రాలు చేసిన చేతులు కారు మీదికి మళ్లాయి. సుజులైట్‌కు 360 సీసీ ఇంజను, ముందు చక్రాలకే చలనం. 1958లో వచ్చిన సుబారు 360 బరువు నాలుగు వందల కిలోలకు మించలేదు. ఈ పొదుపు వెనుక ఏ మహత్తర సిద్ధాంతమూ లేదని, అది పన్నుల చట్టం చేసిన పని అని ఎవరైనా అనవచ్చు. నిజమే. ‘కే’ అనే చిన్న కార్ల తరగతికి పొడవు, వెడల్పు, ఇంజను పరిమాణాల్లో గీత గీసి, ఆ గీత లోపల ఉంటే పన్ను తగ్గించారు. 1976లో ఇంజను హద్దు 360 నుంచి 550 సీసీకి పెరిగింది. అయితే చట్టం గీత మాత్రమే గీసింది. ఆ గీత లోపల నలుగురిని కూర్చోబెట్టి కొండ ఎక్కించడం ఇంజనీర్ల వంతయింది. ఛందస్సు బిగించినంత మాత్రాన పద్యం తనంతట తాను రాదు కదా.

ఈ పొదుపుకు మరో మూలం ఉంది, అది మన నేలలోనే ఉంది. జపాన్‌కు సొంత ఇనుప ఖనిజం లేనట్టే లెక్క. 1960లో అక్కడి ఉక్కు మిల్లులతో కుదిరిన ఒప్పందం ప్రకారం బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఖనిజం ఎగుమతి చేయాలని నిర్ణయమైంది. అందుకోసం కిరండూల్ నుంచి తూర్పు కనుమలను తొలుచుకుంటూ కొత్తవలస దాకా సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గం జపాన్ సహకారంతో వేశారు. యాభైకి పైగా సొరంగాలు, అరకు లోయ, ఆపైన విశాఖ రేవు. 1968లో బైలదిల్లాలో యంత్రాలతో తవ్వకం మొదలైంది. 1976లో విశాఖ ఔటర్ హార్బర్ తెరిచాక లక్ష టన్నులకు పైబడిన ఓడలు కూడా ఆ ఖనిజం కోసం వచ్చి నిలబడ్డాయి. ఈ క్రమంలో 1966ని కాస్త ఆగి చూడాలి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ తెలుగునేల అట్టుడికి, కాల్పుల్లో ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయిన ఏడాది అది. అదే ఏడాది జపాన్‌లో టొయోటా కరోలా, డాట్సన్ సన్నీ అమ్మకానికొచ్చాయి. మామూలు సంసారి సొంత కారు కొనుక్కోవడం మొదలైన తొలి సంవత్సరంగా జపనీయులు ఇప్పటికీ 1966నే చెప్పుకుంటారు. ఒకచోట ఉక్కు కర్మాగారం కోసం ప్రాణాలు పోతుంటే, అదే తీరం నుంచి ఖనిజాన్ని జపాన్‌కు పంపే దారి సిద్ధమవుతూ ఉంది.

ఇక్కడ భిలాయివాసి అభ్యంతరం చెప్పడం సహజం. మా కొలిమికి ఖనిజం వచ్చేది దల్లీ–రాజ్‌హరా గనుల నుంచి, బైలదిల్లా నుంచి కాదు. మేం తీసేది పట్టాలు, పలకలు, వైర్ రాడ్లు, కార్ల రేకు కాదు. ఈ కథలో మాకేం పని అంటాడు. ఆ మాట పూర్తిగా నిజం. కారు ఒంటికి కావలసిన కోల్డ్ రోల్డ్ రేకు భిలాయిలో తయారు కాదు. పైగా జపాన్ కొలిముల్లో ఆస్ట్రేలియా, బ్రెజిల్, భారత ఖనిజాలు కలిసి కరుగుతాయి కాబట్టి ఫలానా కారులో ఫలానా కొండ ఇనుము ఉందని ఎవరూ చూపలేరు. నేను రుజువు చేయదలచింది రక్తసంబంధం కాదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్ కొండల నుంచే ఇనుము రెండు దారుల్లో బయలుదేరింది. ఒక దారిలో బరువైన పట్టాగా మారి మన నేల మీదే పరుచుకుంది. రెండో దారిలో సముద్రం దాటి, మిల్లీమీటరు కన్నా పలుచని రేకులు సాగదీసే దేశానికి చేరింది. భిలాయి కట్టడానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు దారులూ తెలుసు. కొత్తవలస వాళ్ల పుట్టింటి పక్క స్టేషనే మరి.

ఆ రెండో దారి 1980ల్లో వెనక్కి తిరిగింది. 1981లో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది, 1982లో సుజుకి 26 శాతం వాటాతో చేరింది, 1983 డిసెంబర్ 14న ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి చేతికి ఇందిరాగాంధీ మొదటి కారు తాళం అందించారు. మొదటి బ్యాచ్‌లు జపాన్ నుంచి విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించినవి; అంటే ఒంటి మీది రేకు కూడా అక్కడిదే. ఆ కాలంలో వచ్చింది మారుతి ఒక్కటే కాదు. జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్, అప్పటికి భిలాయి కూడా ఉన్న మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మిత్సుబిషితో ఐషర్, పంజాబులో స్వరాజ్ మాజ్డా చిన్న లారీలు తెచ్చాయి. కానీ మనసు దోచింది మాత్రం ఎస్ఎస్80 అని ప్రియులు పిలుచుకునే ఆ మొదటి తరం 800నే. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్, నాలుగు గేర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు. ఇంజనును అడ్డంగా పెట్టి, చలనాన్ని ముందు చక్రాలకే ఇచ్చారు కాబట్టి వెనక్కి వెళ్లే షాఫ్టు అక్కర్లేదు. షాఫ్టు లేదు కాబట్టి దాని కోసం నేల ఉబ్బాల్సిన పని లేదు. నేల చదునైంది కాబట్టి చిన్న ఒంట్లో పెద్ద చోటు దొరికింది. ఒక వస్తువును తీసేస్తే మరో రెండు అనవసరమైపోయే ఈ వరసే నాకు ఆ కారులో అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. 1985లో వచ్చిన జిప్సీ ఇదే బుద్ధిని అడవి దారి మీదికి తీసుకెళ్లింది. జీపు చేసే పనిని 970 సీసీ ఇంజనుతో, జీపు కన్నా తక్కువ ఒంటితో చేసి చూపింది.

‘అది కారా, రేకు డబ్బా’ అన్న ఎగతాళి ఆ రోజుల్లోనే పుట్టింది. జపాన్ ప్రియులు నెత్తిన పెట్టుకునే 1969 నాటి స్కైలైన్ జీటీ–ఆర్ ముద్దుపేరు ‘హకోసుకా’. అందులో ‘హకో’ అంటే పెట్టె అనే అర్థం. డబ్బా అన్నంత మాత్రాన అవమానం కానక్కర్లేదు. తుప్పు సంగతి మాత్రం కాదనలేం. పలుచని రేకు నీళ్లకు త్వరగా లొంగుతుంది. అంతకన్నా బరువైన అభ్యంతరం భద్రత. 2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. అదే నెలలో వెలువడిన గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో దాని తర్వాతి తరం ఆల్టో 800కు ఒక్క నక్షత్రం కూడా దక్కలేదు. ఉక్కు పొదుపుకు హద్దు ఉంటుంది, ఆ హద్దు మనిషి పక్కటెముక దగ్గర మొదలవుతుంది. పాత కారును మెచ్చుకోవడమంటే నేటి హైవే మీద పిల్లల్ని ఎక్కించుకుని దాన్ని నడపమని చెప్పడం కాదు. మనం మెచ్చే పాత కొలిమి పక్కన ఇవాళ హెల్మెట్ లేకుండా నిలబడం కదా.

ఇక క్లాసిక్ అంటే అరుదైనదై ఉండాలన్న మాట. నాలుగు వందలు కూడా తయారు కాని టొయోటా 2000జీటీ క్లాసిక్ అవుతుంది గానీ, దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయిన కారు ఎలా అవుతుంది అంటారు. ఈ వాదం రాజుల రోల్స్‌రాయిస్‌లు వరసగా నిలిపే ర్యాలీ మైదానంలో చెల్లుతుందేమో గానీ ఉక్కు పట్టణంలో చెల్లదు. 13 మీటర్ల పట్టాలు లెక్కలేనన్ని వేశారు. అందువల్ల భిలాయి మొదటి పట్టాకు విలువ తగ్గలేదు. పైగా ఎక్కువగా అమ్ముడైన వస్తువునే మనం ముందు పారేస్తాం. ఎస్ఎస్80 తయారైంది రెండు మూడేళ్లే, అందులో మిగిలినవి ఇప్పుడు కొద్ది. తుప్పు లెక్కన చూస్తే విశాఖ ఉప్పుగాలిలో కన్నా ఛత్తీస్‌గఢ్ మైదానంలో అలాంటి బండి నిలిచే అవకాశమే ఎక్కువ.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసి, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. 1983 డిసెంబర్ నాటి మారుతికి ఆ అర్హత 2033లో వస్తుంది. ముఖ్యమైన షరతు ఇది: ఒళ్లు, చాసిస్, ఇంజను పెద్దగా మారకూడదు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచిన ప్రభుత్వమే ఈ షరతునూ పెట్టింది. ఈలోగా తుప్పు పట్టిన ఆ పలుచని నేల రేకును ఎవరో ఒక డెంటర్ కోసి, దేశవాళీ రేకుతో అతుకు వేయక తప్పదు. ఆ అతుకును మరమ్మతు అనుకోవాలో, మార్పు అనుకోవాలో ఆర్టీవో ఆఫీసులో తేల్చాల్సి ఉంటుంది.