జీవితంలో ఒక్కసారి సత్యభామ

మా సంగం జాగర్లమూడిలో ఎవరైనా కూచిపూడి వెళ్ళొచ్చామంటే, "ఏ కూచిపూడి? అమృతలూరు దగ్గరిదా, కృష్ణ అవతలిదా?" అని అడగవలసిందే. నేను వ్రాయబోయేది కృష్ణ అవతల, మొవ్వ ప్రక్కనున్న కూచిపూడిని గూర్చి.

ఆఫ్రికాలో, కాంగో దేశపు నైరుతి మూల, క్వాంగో నది ప్రాంతంలో యాకా జాతివారున్నారు. మగపిల్లలకు సున్తీ చేసి, ఊరికి దూరంగా విడిదిలో ఉంచి, ఆటపాటలు నేర్పడం వారి ఆచారం. ఆ దీక్ష ముగిశాక పిల్లలు కొయ్యతో చెక్కి, నారలు కట్టిన ముఖాలు తొడుక్కుని ఊళ్ళలో ఆడేవారు. కొన్నిటికి ముక్కు పైకి వంగి ఉంటుంది. అంతటితో పిల్లవాడు మగవాళ్ళలో కలిసినట్లు లెక్క. ఇది చదివినప్పుడు నాకు కూచిపూడే జ్ఞాపకం వచ్చింది. తమాషా ఏమంటే, అక్కడ మగపిల్లవాడు తనవాళ్ళలో ఒకడనిపించుకోవడానికి ఆడవేషం కట్టాలి!

సిద్ధేంద్రయోగి భామాకలాపం రచించి, ఆ ఊరి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం వేయాలని మాట తీసుకున్నాడని అక్కడివారు చెప్పుకుంటారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి మొదలైన ఇళ్ళవారు తరతరాలుగా ఆ మాటకు కట్టుబడ్డారు. ముందు కాళ్ళు వంగాలి, తాళం కుదరాలి, పాట రావాలి, సంస్కృతం నోరు తిరగాలి. ఆ పిమ్మటే భామ. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనుకనుంచి భామ తన జడను తెరమీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం ఇంకా కనబడదు, జడే సవాలు. యాకా పిల్లవాడికి కొయ్యముఖం చాటున్నది. ఇతనికి ముఖమే వేషం, చాటేమీ లేదు.

నా చిన్నతనంలో ఒక మేళం ఆట చూస్తూ మా అమ్మ, "ఎవరింటి పిల్లో!" అన్నది. మగవాడని నాన్నగారు చెప్పినా నమ్మలేదు.

భామ అంటే తానేనన్నంత పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) పద్మశ్రీ పొందారు. మన వైపు స్థానం నరసింహారావుగారి సంగతి వేరు. ఆయనకు ఏ మొక్కూ లేదు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి పాత్రధారి రాకపోతే ఆ వేషం కట్టారు. మరుసటేడు తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు.

కూచిపూడి మాట క్రమంగా సడలింది. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టి ఆడపిల్లలకు విరివిగా నేర్పారు. ఊరి కుర్రవాళ్ళు చదువులకూ ఉద్యోగాలకూ పోయారు. పాతవారు బాధపడడం సహజమే. కాని ఆ ఇళ్ళ ఆడపిల్లలకు పాత కట్టుబాటులో చోటెక్కడున్నది? నేను మాత్రం ఈ మార్పును తప్పుపట్టలేను.

మా మనుమరాలు గుంటూరులో నేర్చుకుంటున్నది. మొన్న జడ కట్టించుకుంటూ, "తాతయ్యా, దీన్ని మగవాళ్ళు కట్టుకునేవారా?" అని నవ్వింది. స్థానం వారి ఫోటో చూపించాను.

"ఈవిడెవరు?" అన్నది.