మాస్కోలో మొదటి ఏడు

తిరువూరు ప్రాంతంలోని మా రెడ్డిగూడెం మామిడితోటల ఊరు. చిన్ననాట వేసవి సెలవులలో, తోటలో కాపలా మంచెమీద కూర్చుండి, చెమటలు తుడుచుకుంటూ మేము రష్యాదేశపు మంచును గురించి చదువుకునేవాళ్లం. మాస్కోలో తెలుగు లిపిలో అచ్చయి, విజయవాడ విశాలాంధ్ర పుస్తకశాలలో అతి చౌకగా దొరికిన బొమ్మల పుస్తకాలవి. ఆ మంచు మాకు కథలోని వస్తువే. మనవాళ్లు కొందరు చదువుకోసం నిజంగానే ఆ మంచులోకి వెళ్లి, ఏళ్ల తరబడి కాపురముండి వచ్చారన్న సంగతి పెద్దయిన తరువాత గాని నాకు తెలియలేదు.

ఆ ప్రయాణాలకు పెద్ద వాకిలి తెరుచుకున్నది 1960లో. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల యువజనులకోసం ఆ ఫిబ్రవరిలో మాస్కోలో ప్రజామైత్రీ విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. 1961 జనవరిలో కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా హత్యకు గురికాగా, మరుసటి నెలలోనే దానికి ఆయన పేరు పెట్టారు. (ఆ పేరు 1992లో పోయి 2023లో మళ్లీ వచ్చింది.) చదువు, వసతి, వైద్యం ఉచితం; పైగా నెలనెలా భృతి. వైద్యం, ఇంజనీరింగు, వ్యవసాయం, ఏది చదవదలచినా ముందుగా సన్నాహక విభాగంలో ఒక ఏడు గడపాలి. ఆ ఏడు ముఖ్యమైన పాఠం రష్యన్ భాష.

ఇంజనీరు కావాలని బయలుదేరిన యువకుడికి మళ్లీ అక్షరాభ్యాసం జరిగిందన్నమాట! అక్షరాలు ముప్పదిమూడు. కొత్తవాటితో అంత చిక్కులేదు; తెలిసినట్టు కనిపించేవే మోసం చేస్తాయి. ఇంగ్లీషు ‘పి’ వంటిది అక్కడ ‘ర’. ‘హెచ్’ వంటిది ‘న’. ‘సి’ వంటిది ‘స’. రెస్టారెంటు బోర్డును ‘పెక్టోపా’ అని చదవని విదేశీయుడు అరుదు. అయితే కొన్ని చోట్ల తెలుగువాడికి ఆ భాష చుట్టరికం కలుపుతుంది. ‘నేను విద్యార్థిని’ అనడానికి ఇంగ్లీషులో ‘యామ్’ అనే క్రియ కావాలి. రష్యనులో మనకువలెనే అది అక్కరలేదు, ‘యా స్తుదేంత్’ అంటే చాలు. ‘నువ్వు’కు ‘తీ’, ‘మీరు’కు ‘వీ’ ఉన్నాయి. ఆరు విభక్తుల రూపాలు వల్లించడం కష్టమే కాని, విభక్తి అన్న మాట విని బెదరవలసిన వాళ్లం కాము మనం. ఉపాధ్యాయుణ్ణి ఇంటిపేరుతో పిలవరు. పేరుకు తండ్రి పేరు చేర్చి ‘ఇవాన్ పెత్రోవిచ్’ అంటారు. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనవాళ్లు అక్కడి కాగితాలలో ఏ గడిలో ఏ పేరు వ్రాయాలో తోచక తికమకపడి ఉంటారని నా ఊహ.

భాష తరువాతది భోజనం. పుల్లని నల్లరొట్టె, బీటుదుంపల పులుసు, కారం జాడ లేని కూరలు. ఊరగాయ జాడీ అడుగంటిన నాడే అసలైన పరదేశవాసం మొదలవుతుందని వెళ్లివచ్చినవారెవరైనా ఒప్పుకుంటారు. ఊరట కూడ లేకపోలేదు: ‘కెఫీర్’ మన పుల్లమజ్జిగకు దూరపు బంధువు, ‘స్మెతానా’ మీగడపెరుగుకు తోబుట్టువు. డిసెంబరులో మాస్కోలో పగలు ఏడు గంటలే. జంటతలుపుల కిటికీల సందులకు కాగితం అతికిస్తారు; బరువైన కోటును గుమ్మం దగ్గరే అప్పగించి గాని ఏ భవనంలోకీ పోరాదు. ఇంట్లోకి చెప్పులతో రాకూడదన్న నియమం మనకు కొత్తకాదు. కాని పువ్వులు ఇచ్చేటప్పుడు బేసి సంఖ్యలోనే ఇవ్వాలి. సరి సంఖ్య చావుకు. ప్రయాణానికి ముందు అందరూ ఒక్క క్షణం మౌనంగా కూర్చుంటారు.

పరీక్ష తీరు వేరు. బల్లమీద బోర్లించిన చీటీలలో ఒకటి తీయాలి. అందులోని ప్రశ్నలకు అధ్యాపకుని ఎదుట నోటితో సమాధానం చెప్పాలి. అయిదు వస్తే ఉత్తమం, రెండు వస్తే తప్పినట్టే. కంఠస్థం చేసి కాగితం నింపడానికి అలవాటుపడ్డ వాళ్లకు ఇది మంచుకన్న భయంకరం. ఇక్కడే ఆ మొదటి ఏడు ఆదుకున్నది. అది వృథాకాలమని అప్పట్లో ఎవరికైనా తోచి ఉండవచ్చు. నా ఉద్దేశంలో ఆరేళ్ల చదువులోనూ దానికి మించిన ఏడు లేదు.

ఈ భాషా వ్యవహారం ఒకవైపుదే కాదు. వృక్షశాస్త్రం చదివిన ఉప్పల లక్ష్మణరావుగారు దాదాపు అరువదేళ్ల వయసున మాస్కోకు వెళ్లి, రష్యన్ గ్రంథాలను తెలుగు చేస్తూ అక్కడ పెక్కేళ్లు ఉన్నారు. లెనిన్‌గ్రాడ్ పండితుడు నికితా గూరొవ్ తెలుగు నేర్చి, నేర్పారు. జెనిత్, పెత్రూనిచెవాలతో కలిసి ఆయన కూర్చిన తెలుగు–రష్యన్ నిఘంటువు 1972లో వెలువడింది.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయింది. మాకు ఆ పుస్తకాలూ ఆగిపోయినాయి. ఆ తరువాత మన పిల్లలు సొంత డబ్బుతో వైద్యవిద్యకై కజాన్, వొల్గోగ్రాద్, ఒరెన్‌బుర్గ్ నగరాలకు వెళ్లడం మొదలుపెట్టారు. తండ్రులు తోటమీద అప్పు తెచ్చి పంపిన వాళ్లున్నారు. ఇప్పుడు పాఠాలు ఇంగ్లీషులో చెబుతారు గనుక, ఏడాదిపాటు భాషకే కూర్చోబెట్టే పద్ధతి వాళ్లకు లేదు. తిరిగివచ్చాక ఇక్కడ వైద్యం చేయాలంటే, 2002 నుండి జరుగుతున్న అర్హతపరీక్షలో మూడువందలకు నూటయాభై మార్కులు రావాలి. ఆ పరీక్షకు రష్యన్ అక్కరలేదు కదా అని, అక్కడ ఉన్నన్నాళ్లూ తెలుగువాళ్ల గదులు దాటని పిల్లలు కొందరు ఉన్నారు. మొదటి రెండుమూడేళ్లు ఇది సాగుతుంది. ఆపైన ఆసుపత్రి పాఠాలు వస్తాయి. మంచంమీది ముసలమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమె జబ్బు ఆమె నోటినుంచే వినాలి. ఆనాడు మన కుర్రవాడు మంచం పక్కన నిలబడి, చేతిలోని చీటీ చూసుకుంటూ, ఆమెను ఎక్కడ నొప్పి అని అడగడానికి మాటలు కూడబలుక్కుంటాడు: ‘గ్ద్యే బలీత్?’