నాలుగు పలకల కర్ర, గుండ్రని కడ్డీ: కైరో మష్రబియ్యా కథ

ఈజిప్టు రాజధాని కైరో పాత వీధులను వర్ణించిన పాశ్చాత్య యాత్రికులలో మష్రబియ్యాను గురించి వ్రాయనివారు అరుదు. మేడ గోడ నుండి వీధి మీదికి పొడుచుకు వచ్చి, మూడు ప్రక్కలా సన్నని కొయ్య జాలీతో మూసి ఉండే కిటికీకి అది పేరు. వారిలో పలువురు దానిని పరదాతో ముడిపెట్టి, స్త్రీలను బంధించిన పంజరమని తేల్చివేశారు. మనవారిలో కొందరు అదే మాటను తిరగవేసి, కుటుంబ మర్యాదను కాపాడిన కట్టడమని మెచ్చుకున్నారు. ఇరుపక్షాలవారి దృష్టీ జాలీ వెనుక ఉన్నవారి మీదనే నిలిచింది. జాలీని జాలీగా చూసినవారు తక్కువ.

చాటు ఒక్కటే కావలసి ఉంటే, వెడల్పాటి పలకకు రంధ్రాలు తొలిస్తే సరిపోయేది. ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ. అలాంటప్పుడు కైరో పనివాడు వందలు, వేల చిన్న కర్ర ముక్కలను ఒక్కొక్కటిగా గుండ్రంగా తరిమెన పట్టి ఎందుకు కూర్చాడు? నాలుగు పలకల కర్రను గుండ్రం చేయడానికి అంత పాటు పడవలసిన అవసరమేమిటి?

తరిమెన అనే మాట ఈ తరం పాఠకులలో కొందరికి కొత్త కావచ్చును. కర్రను రెండు మొనల మధ్య బిగించి, తిప్పుతూ ఉలితో చెక్కే సాధనానికి అది తెలుగు పేరు. నేడు లేతు అంటున్నాము. మంచపు కోళ్ళు, బొంగరాలు, తస్బీహ్ పూసలు దాని మీద తయారయ్యేవే. అరబ్బీలో ఈ పనిని ఖర్త్ అనీ, పనివానిని ఖర్రాత్ అనీ అంటారు. మన ఇళ్ళలో పెద్దలు వాడే ఉర్దూ మాట ఖరాద్ అందులోనుండి వచ్చినదే. అయితే మాట అరబ్బీ అయినంత మాత్రాన పనిముట్టును కూడా అరబ్బులే కనిపెట్టారనుకోరాదు. ఈజిప్టులోనే తూనా అల్ జబల్ అనే చోట పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉన్నది. దాని గోడ మీద, క్రీ.పూ. 300 ప్రాంతపు శిల్పంలో, తరిమెన పట్టే ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకడు త్రాడు లాగుతున్నాడు, ఇంకొకడు ఉలి పట్టుకున్నాడు. ఇస్లాం ఈజిప్టులో అడుగు పెట్టడానికి తొమ్మిది శతాబ్దాలకు పూర్వపు సంగతి ఇది. ముస్లిం పనివారి ఘనతను పనిముట్టు పుట్టుకలో వెదకడం వృథా. దానిని వారు దేనికి వాడారన్నదే మనకు ముఖ్యం.

కైరో ఖర్రాత్ నేల మీద కూర్చుని పని చేసేవాడు. ఎదుట రెండు కొయ్య దిమ్మెలు, వాటిలో ఎదురెదురుగా రెండు ఇనుప మొనలు. రంపంతో కోసిన నాలుగు పలకల కర్రకు రెండు కొసలలోను మూల నుండి మూలకు గీతలు గీస్తే, అవి కలిసే చోటు కేంద్రం. అది కొంచెం తప్పినా కర్ర ఊగుతూ తిరుగుతుంది, గుండ్రం రాదు. నాలుగు మూలలనూ ముందే చెక్కి ఎనిమిది పలకలుగా చేసుకుంటే తరిమెన మీద శ్రమ తగ్గుతుంది. తరువాత కర్రను మొనల మధ్య బిగించి, విల్లు త్రాటిని దానికి ఒక చుట్టు చుట్టి, కుడిచేతితో విల్లును ముందుకూ వెనుకకూ ఆడిస్తాడు. ఎడమచేతిలో ఉలి. ఆ ఉలిని కదలకుండా అదిమి నడిపేవి కాలివేళ్ళు! విల్లు ఒక దిక్కుకు నడిచినపుడు కర్ర ఉలికి ఎదురు తిరిగి తెగుతుంది. విల్లు మరలినపుడు కర్ర కూడా వెనుకకు తిరుగుతుంది కనుక ఉలిని వెంట్రుకవాసి ఎడం చేయాలి. అంటే చేతి ఊపులో సగం ఎప్పుడూ ఉత్తదే. చేయి, కాలు, కన్ను ఒకే లయలో నడవనిదే ఒక్క ముక్క కూడా సరిగా దిగదు. నెపోలియన్ దండయాత్ర (1798–1801) వెంట వచ్చిన ఫ్రెంచి పండితులు ఈజిప్టు వృత్తిపనులను చిత్రించినపుడు తరిమెన పనివానిని కూడా వదలలేదు.

ముక్కలలో ప్రధానమైనవి రెండు రకాలు. ఒకటి, నడుమ ఉబ్బి రెండు కొసలలో సన్నని కుసులు గల కడ్డీ. రెండవది, ఆ కుసులు దిగేందుకు నాలుగు ప్రక్కలా బెజ్జాలు వేసిన గుండు. కొన్ని నమూనాలలో గుండుకు బదులు ఘనచతురస్రపు దిమ్మను అలాగే ఉంచుతారు. గుండ్రని కడ్డీల నడుమ నాలుగు పలకల దిమ్మ మిగిలి ఉండడం చూస్తే, ముక్క మొదట ఏ రూపంలో ఉండేదో తెలిసిపోతుంది. మేకులు లేకుండా, సాధారణంగా జిగురు కూడా లేకుండా వీటిని ఒకదానిలో ఒకటి గుచ్చి, చుట్టూ గట్టి చట్రం బిగిస్తారు. చట్రమే అన్నింటినీ పట్టి ఉంచుతుంది. చదరపు గజంలో రెండు వేల ముక్కల దాకా పట్టిన జాలీలున్నాయని చెబుతారు. కొన్నిచోట్ల అదనపు ముక్కలు నింపి, దీపమో కూజాయో వెలుగులో నల్లగా తేలేటట్లు కూడా కూర్చారు.

ఇంత చిన్న ముక్కలు ఎందుకు? మొదటి కారణం లేమి. ఈజిప్టులో మంచి కలప పండదు. తుమ్మ, అత్తి జాతి చెట్టు, ఖర్జూరం ఉన్నాయి గాని, పొడవైన తిన్నని దూలాలకు, వెడల్పాటి పలకలకు సముద్రం దాటి వచ్చే దుంగలే గతి. అలాంటి దేశంలో చిన్న తుండు కూడా పారవేయతగినది కాదు. రెండవ కారణం ఎండ. కర్ర ఎండినపుడు పొడవున దాదాపు కుదించుకోదు, అడ్డంగా కుదించుకుంటుంది. కైరో ఎండకు వెడల్పు పలక పగులుతుంది, లేదా వంకర తిరుగుతుంది. సన్నని ముక్క కుదించుకునేది స్వల్పం, ఆ కాస్త కదలిక కూడా బెజ్జంలోని వెసులుబాటులో కలిసిపోతుంది. మేకు కొట్టి ఉంటే అక్కడే చీలిక పుట్టేది.

ఇక గుండ్రం సంగతి. దీనిని విప్పి చెప్పినవాడు ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ (1900–1989). 1986లో వెలువడిన తన గ్రంథంలో ఆయన మష్రబియ్యా చేసే పనులు ఐదని లెక్కించాడు: వెలుగును అదుపు చేయడం, గాలిని రానివ్వడం, ఆ గాలిని చల్లబరచడం, దానికి తేమ ఇవ్వడం, చాటు కల్పించడం. చాటు ఐదింటిలో ఒకటి మాత్రమేనన్నది గమనార్హం. నాలుగు పలకల కడ్డీ మీద ఎండ పడితే ఒక ముఖం తెల్లగా, ప్రక్క ముఖం నల్లగా అంచు కోసినట్లు విడిపోతుంది. అటువంటి జాలీ వెనుక కూర్చున్నవారికి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. గుండ్రని కడ్డీ మీద వెలుగు మెల్లమెల్లగా నీడలోకి జారుతుంది, కంటికి దెబ్బ తగలదు. అందుకే కంటి ఎత్తున సందులు సన్నగా, పైభాగంలో వెడల్పుగా పెట్టేవారు. క్రింద తగ్గిన గాలి పైనుండి వచ్చేది. రాత్రి కర్ర పీల్చుకున్న తేమ పగటి ఎండకు విడుదలవుతుంది. పైగా ఆ కిటికీలోనే నీటి కూజాలు పెట్టేవారు. మన మట్టికూజా వలెనే అవి చెమర్చి నీటినీ గాలినీ చల్లబరచేవి. మష్రబియ్యా అన్న పేరు కూడా త్రాగడం అనే అర్థమున్న షరిబ ధాతువు నుండి వచ్చిందని ఎక్కువమంది అంటారు. పైనుండి చూడడం అనే అర్థమున్న మాట నుండి వచ్చిందనే వాదన కూడా ఉన్నది. నాకు మొదటిదే సబబుగా తోస్తున్నది.

ఈ పని విలువను గుర్తించిన పూర్వ పండితుడు ఇబ్న్ ఖల్దూన్. హి. 779 (క్రీ.శ. 1377)లో వ్రాసిన ముఖద్దిమాలో ఆయన వడ్రంగానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. నగరాలలో సంపద పెరిగినకొద్దీ పనితనం సూక్ష్మమవుతుందని చెబుతూ, తరిమెన పట్టిన ముక్కలను లెక్క ప్రకారం కూర్చి, చీలలతో బిగించి, కంటికి ఒకే వస్తువుగా కనిపింపజేసే విధానాన్ని ఉదాహరణగా చూపాడు. ఈ వృత్తికి రేఖాగణితం అవసరమనీ, యూక్లిడ్ వంటి గ్రీకు గణితజ్ఞులు వడ్రంగంలో కూడా నేర్పరులనీ అన్నాడు. యూక్లిడ్ సంగతి ఎలా ఉన్నా, ఒక మహాపండితుడు వడ్రంగిని గణితజ్ఞుని సరసన కూర్చోబెట్టడం మామూలు విషయం కాదు. ఆయన 1382లో ఈజిప్టు చేరి, 1406లో కైరోలోనే మరణించాడు.

ఆయన రాకకు నాలుగు దశాబ్దాల ముందే కైరోలో అల్తున్‌బుగా అల్ మారిదానీ మసీదు (హి. 740, క్రీ.శ. 1339–40) పూర్తయింది. అందులో ప్రార్థనశాలకూ నడవాకూ మధ్య నిలువెత్తు కొయ్య జాలీ తెర ఉన్నది. ఈ పనికి మిగిలిన పాత, గొప్ప నమూనాలలో అది ఒకటి. అక్కడ పరదా ప్రసక్తి లేదు. ఎండను ఆపి గాలిని పంపడమే దాని పని. మసీదు కట్టించిన అమీరు పేరు మనకు తెలుసు, కట్టిన శిల్పి ముఅల్లిం సుయూఫీ పేరు కూడా తెలుసు. విల్లు ఆడించినవారి పేర్లు తెలియవు. మన చరిత్ర రచనలో సుల్తానుల వరుస నేటికీ ఎక్కువ చోటు ఆక్రమిస్తున్నది, ఈ మనుషులకు పుట దొరకడం లేదు.

ఇళ్ళ కిటికీలుగా మష్రబియ్యాలు ఉస్మానియా పాలనలో విరివిగా పెరిగాయి. దర్బ్ అల్ అస్ఫర్ వీధిలో 1648లో మొదలై 1796లో పెంచిన సుహైమీ గృహం నేటికీ నిలిచి ఉన్నది. హజ్‌కు వెళ్ళినవారు జిద్దా పాత పేటలో చూసే రౌషన్లు దీనికి దాయాదులే గాని, వాటిలో పలక పని ఎక్కువ, తరిమెన పని తక్కువ. 19వ శతాబ్దంలో గాజు కిటికీ, యూరపు ఫ్యాషను వచ్చాయి. ఖదీవ్ ఇస్మాయీల్ కాలం (1863–79)లో కొత్త కైరో వేరే పోకడలో లేచింది. పాత ఇళ్ళ జాలీలు ఊడదీసి విదేశీ సేకర్తలకు అమ్మారు. లండనులోని లైటన్ భవనపు అరబ్బు హాలులో అటువంటివి చూడవచ్చును. 1881లో ఏర్పడిన అరబ్బు కళాకట్టడాల పరిరక్షణ కమిటీ కొంత మిగిల్చింది. మారిదానీ మసీదును పునరుద్ధరించినదీ అదే.

కైరోలో ఈ పని నేడు పూర్తిగా ఆగలేదు. విద్యుత్ లేతు మీద ముక్కలన్నీ అచ్చు గుద్దినట్లు ఒకే తీరుగా దిగుతాయి, కర్ర ఒకే దిక్కుకు తిరుగుతుంది గనుక చేతి ఊపు వృథా పోదు. పాత జాలీలో ప్రక్కప్రక్క ముక్కలు కూడా కొద్దిగా తేడాగా ఉంటాయి, దగ్గరకు వెళితే గాని తెలియదు. కొత్తవాటిలో త్వరగా పని ముగించడానికి జిగురు వాడినచోట మాత్రం బెజ్జంలో వెసులుబాటు పోతుంది, ఎండకు ముక్క కదలలేక కుసి వద్ద విరుగుతుంది.