శివనసముద్రం నేర్పిన కరెంటు పాఠం

పదో తరగతి సైన్స్ రివిజన్ పరీక్షలో మా సారు ఒక ప్రశ్న ఇచ్చారు. "కరెంటును చాలా దూరం పంపేటప్పుడు వోల్టేజి ఎందుకు పెంచుతారు?" రెండు మార్కులు. "వోల్టేజి ఎక్కువుంటే కరెంటు వేగంగా పోతుంది" అని రాశాను. సున్నా వచ్చింది. నిజం చెప్పాలంటే అసలు కష్టం సున్నా కాదు. పుస్తకంలో ఒకచోట వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుందని ఉంది. అంటే వోల్టేజి పెంచితే తీగలో నష్టం కూడా పెరగాలి కదా? మరి సారు తగ్గుతుందంటున్నారు. సూత్రాలన్నీ నాకు నోటికి వచ్చు, అర్థం మాత్రం కాలేదు.

ఇంటికెళ్ళి తాతకి చెప్పాను. మా తాత కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చి కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. మనుషుల్ని లోపలికి దింపే కేజ్ దగ్గర ఆయన పని. "మా గనికి కరెంటు యాడినుంచి వచ్చేదో తెలుసునా పాపా? కావేరి నుంచి. ఆ కథ తెలుసుకో, నీ లెక్క అదే తెగుతాది" అన్నాడు. అలా ఈ చరిత్ర నా చేతికొచ్చింది.

గనుల్లో యంత్రాలు మొదట ఆవిరితో నడిచేవి. దానికి కట్టెలు, బొగ్గు కావాలి. గని లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగింది. అప్పుడు మైసూరు సంస్థానంలో శివనసముద్రం జలపాతం మీద కన్ను పడింది. కెప్టెన్ డి లోట్‌బినియర్ అనే ఇంజనీరు పథకం వేశారు. దివాన్ కె. శేషాద్రి అయ్యర్ దాన్ని ముందుకు నడిపారు. పెద్ద పెద్ద యంత్రాలు ఓడల్లో వచ్చి, ఎద్దుల బండ్ల మీద, ఏనుగుల సాయంతో అడవి దారిలో అక్కడికి చేరాయి. 1902 జూన్ 30న విద్యుత్ కేంద్రం మొదలైంది. కానీ శేషాద్రి అయ్యర్ 1901లోనే చనిపోయారు. ఆ వెలుగు ఆయన చూడలేదు.

మన దేశంలో నీటితో కరెంటు తీసిన మొదటి కేంద్రం ఇదే అని రాసేద్దామనుకున్నాను. వెతికితే డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ 1897లోనే వచ్చిందని తెలిసింది. అయితే శివనసముద్రం గొప్పతనం వేరే ఉంది, అది దూరం. అక్కడి నుంచి కోలార్ గనులకు 147 కిలోమీటర్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే చాలా పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి.

ఇక్కడే మన తొమ్మిది, పది తరగతుల పాఠాలన్నీ వరసగా వస్తాయి. ఎత్తున ఉన్న నీటిలో స్థితిశక్తి ఉంటుంది. గొట్టాల్లో కిందికి దూకితే అది గతిశక్తి అవుతుంది. ఆ నీరు టర్బైన్‌ని తిప్పుతుంది. టర్బైన్ జనరేటర్‌ని తిప్పుతుంది. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట తిరిగితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే అది. శక్తి ఎక్కడా కొత్తగా పుట్టలేదు, రూపం మార్చుకుంది, అంతే.

మరి 147 కిలోమీటర్లు పంపడం ఎలా? ఒక లెక్క వేసుకున్నాను (ఇవి అసలు లైన్ అంకెలు కావు, అర్థం కావడానికి నేను అనుకున్నవి). పంపాల్సింది 3 లక్షల వాట్లు, తీగ నిరోధం 10 ఓమ్‌లు. 3,000 వోల్టుల దగ్గర పంపితే కరెంటు 100 ఆంపియర్లు. నష్టం అంటే కరెంటు వర్గం ఇంటూ నిరోధం, అంటే 1 లక్ష వాట్లు. మూడో వంతు దారిలోనే వేడిగా పోయింది! అదే 30,000 వోల్టులైతే కరెంటు 10 ఆంపియర్లే. నష్టం 1,000 వాట్లు. వోల్టేజి పది రెట్లు పెంచితే నష్టం నూరో వంతుకు పడిపోయింది. కోలార్ లైన్‌లో కూడా సుమారు 30 వేల వోల్టులు వాడారు. ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి పంపి, గని దగ్గర మళ్ళీ తగ్గించారు. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయాలంటే ఏకాంతర ప్రవాహమే ఉండాలి.

నా తప్పేంటో అప్పుడు తెలిసింది. వోల్టేజి వర్గం సూత్రంలో పెట్టాల్సింది లైన్ మొత్తం వోల్టేజి కాదు. తీగ ఈ కొసకీ ఆ కొసకీ మధ్య పడిపోయే వోల్టేజి. మొదటి లెక్కలో అది 1,000 వోల్టులు, రెండో దాంట్లో 100 మాత్రమే. ఏ సూత్రంతో చేసినా ఒకే జవాబు!

కథ అక్కడితో అయిపోలేదు. ఎండాకాలంలో కావేరిలో నీళ్ళు తగ్గేవి. గనులకు ఏడాది పొడుగునా కరెంటు కావాలి. నీటిని, అంటే స్థితిశక్తిని, దాచిపెట్టుకోవాలి. కృష్ణరాజసాగర్ ఆనకట్ట కట్టడానికి అదొక ముఖ్య కారణం. 1911లో పని మొదలైంది. దాని వెనక ఉన్నది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మోక్షగుండం అంటే ఆంధ్రలో ఆయన పూర్వీకుల ఊరు.

బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905 ఆగస్టు 5న. అంతవరకు కిరోసిన్ దీపాలే. అంటే కరెంటు మన నగరానికంటే ముందు గనికి వెళ్ళింది. నగరానికి దీపాలు వచ్చిన రోజు గురించి అందరూ చెబుతారు, గని గురించి తక్కువ మంది చెబుతారు. తాత మాత్రం ఇలా అన్నాడు: "కరెంటు పోతే పైన ఉండేవాళ్ళకి చీకటి. కింద ఉండేవాళ్ళకి దావే ఉండదు పాపా. గాలి, నీళ్ళ పంపులు, కేజ్ అన్నీ దాని మీదే."

2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. పని కోసం మా కుటుంబం బెంగళూరుకి వచ్చేసింది. ఇప్పటికీ కేజీఎఫ్ నుంచి ఎంతోమంది రోజూ రైల్లో ఇక్కడికి పనికి వస్తారు.

తర్వాతి పరీక్షలో అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి పదాలు గుర్తు తెచ్చుకోలేదు. 147 కిలోమీటర్ల తీగ, దాని చివర కేజ్ దగ్గర నిలబడిన తాత గుర్తొచ్చారు. రెండుకి రెండు వచ్చాయి. వచ్చే ఏడు పీయూసీలో ఇవే పాఠాలు ఇంగ్లీషులో చదవాలి, కొంచెం భయంగానే ఉంది. కానీ తెలుగులో ఒకసారి నిజంగా అర్థమైంది, పేర్లు మారితే నేర్చుకోవచ్చు. మీరు కూడా రివిజన్ చేసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని వాళ్ళు చేసిన పని గురించి ఒకసారి అడగండి. మీ పాఠం కూడా అందులో దొరకవచ్చు.