మైలవరం నుంచి జర్నల్ దాకా: న్యూరోసర్జరీ పరిశోధనలో మన రోగి స్థానం

30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు వైపు నుంచి దిగి మైలవరం, కొండపల్లి దాటి ఇబ్రహీంపట్నం దగ్గర హైదరాబాద్ రోడ్డులో కలుస్తుంది. ఈ దారిలో బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాడి ప్రయాణం చాలావరకు ఒకే తీరున సాగుతుంది. 108లోనో, దొరికిన ఆటోలోనో ముందు దగ్గరి ఆసుపత్రికి తెస్తారు. అక్కడ కట్టు కట్టి, సెలైన్ పెట్టి, చీటీ రాసి విజయవాడ పంపుతారు. అక్కడ సీటీ స్కాన్ తీస్తారు, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు, కొన్నాళ్లు వార్డులో ఉంచి ఇంటికి పంపుతారు. ఆ తరువాత అతను మళ్లీ పొలానికి వెళ్లాడా, మాట సరిగా వచ్చిందా, ఫిట్స్ వచ్చాయా అన్నది సాధారణంగా ఏ రికార్డుకూ ఎక్కదు. న్యూరోసర్జరీ పరిశోధనలో ఎవరికి చోటు దక్కుతోంది అనే ప్రశ్నను ఈ వ్యాసం ఆ ఖాళీ దగ్గరి నుంచే పరిశీలిస్తుంది.

ప్రాతినిధ్యం అనగానే చర్చ రచయితల మీదికి పోతుంది: ఏ దేశంవారు ఎన్ని వ్యాసాలు రాశారు, సంపాదక మండళ్లలో ఎవరున్నారు, మహిళలు ఎందరు. ఇవి అవసరమైన ప్రశ్నలే. అయితే వీటికంటే ముందు తేలవలసింది ఎవరి జబ్బు, ఎవరి భాష, ఎవరి బతుకు పరిశోధనకు ఆధారమవుతున్నాయన్నది. 2018లో డీవాన్ బృందం వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1 కోటి 38 లక్షల మందికి శస్త్రచికిత్స అవసరమయ్యే నాడీ సమస్యలు వస్తున్నాయి. వారిలో 50 లక్షల మందికి పైగా, ప్రధానంగా పేద, మధ్యాదాయ దేశాలవారికి, ఆ చికిత్స అందడం లేదు. తలకు దెబ్బలు తగిలేవారు ఏటా 6 కోట్ల 90 లక్షల మంది అని అదే కాలపు మరో అంచనా. రోగులు ఇక్కడ, వ్యాసాలు అక్కడ అన్నది నేటి పరిస్థితి.

మన దగ్గర ఈ శాస్త్రం మొదటి నుంచీ ఇలా లేదు. 1949లో వెల్లూరు సీఎంసీలో జేకబ్ చాండీ, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి న్యూరోసర్జరీ విభాగాలు మొదలుపెట్టారు. 1951లో ఈ ఇద్దరూ ఎస్.టి. నరసింహన్, బల్దేవ్ సింగ్‌లతో కలిసి న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. న్యూరోసర్జన్లు, న్యూరాలజిస్టులు ఒకే సంఘంలో ఉండాలన్నది వారి నిర్ణయం. తెలుగు నేల మీద విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో ఎస్. బాలపరమేశ్వరరావు 1956లో ఈ విభాగాన్ని ప్రారంభించారు. 1968లో మద్రాసులో టి.ఎస్. కనక న్యూరోసర్జరీలో పట్టా పొంది ఆసియాలోనే తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరయ్యారు. ఆ తరం దగ్గర పరికరాలు తక్కువ. వార్డులో కళ్ల ముందున్న రోగి నుంచే వారికి ప్రశ్న పుట్టేది.

దీనికి ఫ్లోరోసిస్ పరిశోధన మంచి నిదర్శనం. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వైద్య లోకం దృష్టికి తెచ్చారు. తరువాత ప్రకాశం జిల్లాలో కలిసిన కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల వివరాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. జనానికి తెలిసినంతవరకు ఇది పళ్లకు గారపట్టే జబ్బు, నడుం వంగిపోయే జబ్బు. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి దాన్ని వెన్నుపాము జబ్బుగా దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో వెన్నుపూసలు మందమై, వాటిని కలిపే లిగమెంట్లు ఎముకగా మారి, వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. ముందు కాళ్లు బిగుసుకుంటాయి, తరువాత నడక పోతుంది. అస్థి ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు 10 శాతం మందికి ఇలా నరాల సమస్య వస్తుందని ఆయన రాశారు. గట్టిపడిన ఆ ఎముకను తొలిచి వెన్నుపామును వదులు చేయడం సర్జన్‌కు కఠినమైన పని. అంతా చేసినా, వెన్నుపాము ఎంతకాలం నలిగింది అన్నదాన్నిబట్టే ఫలితం ఉంటుంది. అందుకే ఈ పరిశోధన ఆపరేషన్ బల్ల దగ్గర ఆగలేదు, ఊరి బావి దాకా వెళ్లింది. రాజారెడ్డి ఆంధ్ర దేశపు పాత నాణేల మీద కూడా పుస్తకాలు రాసిన మనిషి. తన నేల మీద దొరికేదాన్ని ఓపికగా చదివే అలవాటు ఆయనకు రెండు రంగాల్లోనూ ఉంది.

వెల్లూరుది మరో ఉదాహరణ. ఫిట్స్‌తో వచ్చే మన రోగుల స్కాన్లలో ఒక చిన్న మచ్చ తరచు కనిపించేది. దాన్ని క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి మందులు వాడేవారు. 1989లో మాథ్యూ చాండీ, రాజశేఖర్, వారి బృందం ఆ మచ్చలను తీసి పరీక్షించి, చాలావాటికి కారణం బద్దెపురుగు లార్వా అని లాన్సెట్‌లో రాశారు. దేశమంతటా చికిత్స మారింది. పెద్ద జర్నల్‌లో చోటు దొరికింది కాబట్టి దాన్ని గొప్ప పరిశోధన అనడం లేదు. ఇక్కడి రోగి వాడుతున్న అనవసరపు మందును ఆపించింది, అదీ దాని గొప్ప.

ఇటీవలి ధోరణి వేరు. ఎండోస్కోపు, నావిగేషన్, రోబో, కృత్రిమ మేధ పేర్లతో వ్యాసాలు పెరిగాయి. ఆ పరికరాల విలువను నేను తక్కువ చేయను. కానీ ఒక పరికరం మన దగ్గరికి వచ్చింది కాబట్టి దాని మీద వ్యాసం రావడం ఒకటి, మన రోగికి అక్కరపడి ఆ పరికరాన్ని పరీక్షించడం మరొకటి. దీనికి తోడు 2015లో భారత వైద్య మండలి అధ్యాపకుల పదోన్నతికి వ్యాసాలను లెక్కించే పద్ధతి మార్చింది. కేస్ రిపోర్టులకు విలువ లేకుండా పోయింది, రచయితల వరుసలో ముందున్నవారికే గుర్తింపు దక్కింది. అరుదైన ఒక్క రోగిని శ్రద్ధగా వర్ణించే అలవాటు, పదిమంది కలిసి పనిచేసే అలవాటు రెండూ దీనివల్ల దెబ్బతిన్నాయని నా అభిప్రాయం. తరువాత నిబంధనలు సడలినా, వ్యాసం అంటే పదోన్నతికి కావలసిన కాగితం అన్న ఆలోచన స్థిరపడిపోయింది.

సమాచారం లేదని మాత్రం అనలేం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తన కింద జరిగిన ప్రతి ఆపరేషన్‌కూ రికార్డు తయారుచేస్తూ వచ్చింది. 2008 నుంచి 2012 దాకా ఉన్న క్లెయిములను విశ్లేషించి 2015లో బీఎంసీ సర్జరీలో ఒక అధ్యయనం వెలువడింది. 6 లక్షల 77 వేలకు పైగా శస్త్రచికిత్స చేరికల్లో సుమారు 80 శాతం ప్రైవేటు ఆసుపత్రుల్లోవే. కారణాల్లో మొదటి స్థానం గాయాలది, 27 శాతం. అంటే పరిశోధన ప్రధానంగా బోధనాసుపత్రుల్లో జరుగుతుంటే, రోగులు ప్రధానంగా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉన్నారన్నమాట. విజయవాడలో ఈ ఎడం స్పష్టంగా కనిపిస్తుంది. పైగా క్లెయిము రికార్డు డబ్బు చెల్లింపు కోసం తయారైంది. ఆపరేషన్ జరిగిందా లేదా అన్నది అందులో దొరుకుతుంది, ఆరు నెలల తరువాత మనిషి ఎలా ఉన్నాడన్నది దొరకదు.

ఇక కొలమానాల సంగతి. తల దెబ్బల వార్డులో రోజంతా వినిపించే మాట జీసీఎస్, అంటే గ్లాస్గో కోమా స్కేలు. 1974లో టీస్‌డేల్, జెనెట్ గ్లాస్గోలో రూపొందించిన ఈ స్కేలులో కళ్లు తెరవడం, మాట, కదలిక కలిపి 3 నుంచి 15 దాకా లెక్క వస్తుంది. డ్యూటీ డాక్టరు రోగి ఛాతీ మీద పిడికిలితో నొక్కి, "నీ పేరేంటి? ఏ ఊరు? ఇప్పుడెక్కడున్నావ్?" అని అడుగుతాడు. పేరు చెప్పి ఊరు తప్పు చెబితే మాటకు 4. గొంతులో గొట్టం వేసి పంపితే మాటకు అసలు మార్కే ఉండదు. మైలవరంలో ఎంత ఉంది, విజయవాడ చేరేసరికి ఎంతకు పడింది అన్న రెండు అంకెలు పక్కపక్కన ఉంటే దారిలో ఏం జరిగిందో తెలుస్తుంది. కానీ రిఫరల్ చీటీల్లో చాలాసార్లు "తలకు దెబ్బ, స్పృహ లేదు" అని మాత్రమే ఉంటుంది.

కోలుకోవడాన్ని కొలిచే విస్తృత గ్లాస్గో ఫలిత స్కేలులో మరో చిక్కుంది. ఒంటరిగా బజారుకు వెళ్లగలరా, ఎవరి సాయం లేకుండా ప్రయాణం చేయగలరా అని అందులో అడుగుతారు. దెబ్బ తగలక ముందు చేసేవారా అని కూడా అడుగుతారు, అది న్యాయమే. అయితే మునుపు కూడా భర్తతోనో కొడుకుతోనో తప్ప బజారుకు వెళ్లని పల్లెటూరి ఇల్లాలి విషయంలో ఆ ప్రశ్న ఏమీ చెప్పదు. కూలి డబ్బుల లెక్క చూసుకోగలుగుతోందా, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోందా, పిల్లల మీద అకారణంగా విరుచుకుపడుతోందా అని అడిగితే తెలుస్తుంది. బండి వెనుక ఒక పక్కకు కూర్చుని, హెల్మెట్ లేకుండా వెళుతూ పడిపోయే ఆడవాళ్లు ఈ దారిలో తక్కువేం కాదు. ప్రాతినిధ్యం అన్నది ఇలా ప్రశ్నాపత్రంలో ఒక వాక్యం దాకా వస్తుంది.

చెట్ల మీద నుంచి పడేవారి సంగతి కూడా ఇంతే. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, మైలవరం, రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయ కోసే కూలీ పడితే మెడలోనో నడుంలోనో వెన్నుపాము దెబ్బతినవచ్చు. పడినవాణ్ణి నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తుకొచ్చేటప్పుడు వెన్నుపాము ఇంకా నలగవచ్చు. ఆ తొలి అరగంట మీద పరిశోధన చేయాలంటే రోబో అక్కర్లేదు, తోట కాడ ఏం జరుగుతోందో చూసే మనిషి కావాలి.

పేద ప్రాంతాలు ప్రపంచానికి చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. తల దెబ్బలకు స్టెరాయిడ్లు ఇవ్వడం ఏళ్ల తరబడి ఆచారం. 49 దేశాల్లో 10,008 మందిని చేర్చుకున్న క్రాష్ ట్రయల్ 2004లో ఆ ఆచారాన్ని నిలిపివేసింది: స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లో 21.1 శాతం, ఇవ్వనివారిలో 17.9 శాతం చనిపోయారు. రద్దీ వార్డులో కూడా నింపగలిగేంత చిన్న ఫారంతో అది నడిచింది. పుర్రెలో పీడనం కొలిచే పరికరం నిజంగా ప్రాణం కాపాడుతుందా అన్న ప్రశ్నను సంపన్న దేశాల్లో పరీక్షించడం కష్టం, ఎందుకంటే అక్కడ దాన్ని వాడకపోవడం తప్పుగా భావిస్తారు. బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మంది మీద పరీక్షించి, స్కాన్, వైద్యుడి పరిశీలనలతో చేసిన చికిత్సకంటే ఆ పరికరం మెరుగని తేలలేదని 2012లో ప్రకటించారు.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం చేసినదీ ఇలాంటి పనే. 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చూపారు. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, దక్కనీ కలగలిసిన నగరం కాబట్టే ఈ ప్రశ్న అడగడం సాధ్యమైంది.

భాష దగ్గరే న్యూరోసర్జరీకి ఇంకా తీరని పని ఉంది. 2017లో గుంటూరులో ఒక రోగి 'బాహుబలి 2' చూస్తుండగా, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మరొకరు 'అదుర్స్' చూస్తుండగా మెదడు గడ్డలు తీశారు. వార్తల్లో సినిమా పేర్లు మిగిలాయి. రోగిని మెలకువగా ఉంచేది మాట, కదలిక కేంద్రాలు దెబ్బతినకుండా చూసుకోవడానికి. సర్జన్ మెదడు మీద సన్నని విద్యుత్తు తగిలిస్తుండగా రోగి బొమ్మల పేర్లు చెప్పాలి. ఆ బొమ్మలు, ఆ వాక్యాలు యూరపు భాషలకు జాగ్రత్తగా తయారయ్యాయి. క్రియాపదంలోనే కర్త లింగం, వచనం చెప్పే తెలుగుకు, పొలంలో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడే మనిషికి, తగిన పరీక్షలు సర్జన్, భాషాశాస్త్రవేత్త, స్పీచ్ థెరపిస్టు కలిసి కట్టాలి. గుంటూరు, కాకినాడల అనుభవం అందుకు సరిపోయే పునాది.

ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986 నుంచి విజయవాడలోనే ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఈ రెండూ పూనుకుంటే ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటికీ ఒకే తల దెబ్బల రిజిస్టరు పెట్టవచ్చు: రిఫర్ చేసినచోట జీసీఎస్, చేరిన సమయం, స్కాన్ ఫలితం, ఆరు నెలలకు ఒక పలకరింపు. చివరిదాన్ని డాక్టరు చేయలేడు. ఊళ్లో ఇల్లిల్లూ తెలిసిన ఏఎన్ఎం చేయగలదు. రోగి ఫోను మారినా ఇల్లు మారదు, ఇల్లు మారినా ఎటు వెళ్లాడో ఆమెకు తెలుస్తుంది. ఆమె సేకరించిన జవాబుల మీద వ్యాసం రాసినప్పుడు, ప్రశ్నల రూపకల్పనలో, ఫలితాలను అర్థం చేసుకోవడంలో, రాతప్రతిని సమీక్షించి ఆమోదించడంలో కూడా ఆమెను భాగస్వామిని చేసి, రచయితల వరుసలో ఆమె పేరు పెట్టడానికి అంతర్జాతీయ వైద్య సంపాదకుల నియమాల్లో అడ్డు ఏమీ లేదు.